మ్యాక్‌లో ‘ఫొటోఅనాలిసిస్‌డి’ ప్రాసెసర్‌ను అంతగా ఎందుకు వాడుతుంది?

అది వైరస్ కాదు. ఫొటోస్ యాప్‌లోని చిత్రాల్లో మనుషుల ముఖాలను, వస్తువులను, దృశ్యాలను గుర్తుపట్టే యాపిల్ సొంత ప్రోగ్రామ్, పని పూర్తయ్యాక దానంతటదే నెమ్మదిస్తుంది.

మీరు ‘కుక్క’ అనో ‘సముద్రం’ అనో వెతికితే ఫొటోలు దొరకాలంటే, ముందే ప్రతి ఫొటోనూ ఒకసారి చూసి ఉండాలి. ఆ చూడటమే భారమైన లెక్క. అందుకే మ్యాక్ ఛార్జింగ్‌లో ఉండి, ఫొటోస్ యాప్ మూసి ఉన్న సమయంలో ఎక్కువగా ఈ పని సాగుతుంది.

ఉదాహరణకు, కొత్త మ్యాక్‌లో ఐక్లౌడ్‌కు (యాపిల్ ఆన్‌లైన్ నిల్వ) లాగిన్ అయ్యారు, 20,000 ఫొటోలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. కొన్ని రోజుల పాటు ఫ్యాన్ మోగడం మామూలే. ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను ఎంత వాడుతోందో చూపే యాక్టివిటీ మానిటర్‌లో 180 శాతం అని కనిపించినా కంగారు అక్కర్లేదు: అక్కడ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక్కో భాగాన్ని, అంటే ఒక్కో కోర్‌ను, 100గా లెక్కిస్తారు, ఎనిమిది కోర్ల యంత్రంలో గరిష్ఠం 800.

ఈ గుర్తింపు కోసం ఫొటోలన్నీ యాపిల్‌కు చేరిపోతున్నాయని చాలామంది అనుమానిస్తారు. ముఖాలను గుర్తించే పని మీ మ్యాక్‌లోనే జరుగుతుంది. ఎక్కడో సర్వర్లలో జరిగితే మీ ఫ్యాన్‌కు ఇంత శ్రమ ఎందుకు? బలవంతంగా ఆపేయడం వల్లా లాభం లేదు, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. ఫొటోస్ యాప్ మూసి, ఛార్జర్ పెట్టి, స్లీప్‌లోకి వెళ్లకుండా చూసి రాత్రంతా వదిలేయండి.