రిటర్ను నువ్వే వేసుకుంటానన్నావట

చి. లలితకు ఆశీస్సులు.

ఈ ఏడు ఇన్‌కమ్‌టాక్స్ రిటర్ను ఎవరి చేతా వేయించకుండా నువ్వే వేసుకుంటావని, దానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదా అని వెతుకుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విన్నప్పటి నుంచీ ఒక పక్క గర్వంగానూ, ఒక పక్క గుబులుగానూ ఉంది. గుబులు ఎందుకంటే నువ్వు నవంబరులో కంపెనీ మారావు. పైగా మ్యూచువల్ ఫండ్ యూనిట్లు కూడా అమ్మావు. ఈ రెండూ లేకపోతే ఈ ఉత్తరం నాలుగు ముక్కల్లో అయిపోయేది.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. 2025-26 ఆదాయానికి గడువు 2026 జూలై 31. కంపెనీలు ఫారం 16, అంటే ఏడాది జీతం, పట్టుకున్న పన్ను చూపే సర్టిఫికెట్, ఇవ్వడానికి జూన్ 15 వరకూ సమయం ఉంది, ఇన్‌కమ్‌టాక్స్ డిపార్ట్‌మెంటు పోర్టల్‌లో ముందే నింపి ఉండే వివరాలు కూడా దాదాపు అప్పటికి గానీ కుదురుకోవు. అంతకు ముందే తొందరపడి కూర్చోకు. నీ ఆదాయాలూ, నీ పేరున జమైన పన్నూ చూపించే ఏఐఎస్, 26ఏఎస్ పట్టికలు రెండూ దించి పెట్టుకో. రీఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతా వాలిడేట్ అయి ఉందో లేదో చూసుకో.

ఏ సాఫ్ట్‌వేర్ అన్నది తేలాలంటే ముందు ఏ ఫారమో తేలాలి. జీతం, వడ్డీ, వీటికి తోడు లక్షా పాతిక వేల లోపు ఈక్విటీ (షేర్లు, షేర్ల ఫండ్లు) దీర్ఘకాలిక లాభం, అంటే ఏడాది దాటాక అమ్మితే వచ్చిన లాభం, మాత్రమే ఉంటే, మొత్తం ఆదాయం 50 లక్షలు దాటకపోతే సహజ్, అంటే ఐటీఆర్-1 సరిపోతుంది. దానికి డబ్బు పెట్టి ఏదీ కొనక్కర్లేదు, డిపార్ట్‌మెంటు పోర్టల్‌లోనే ఉచితంగా అయిపోతుంది. ఏడాది నిండకుండా అమ్మిన ఈక్విటీ యూనిట్ ఒక్కటున్నా ఐటీఆర్-2కి వెళ్ళాలి. అక్కడా డిపార్ట్‌మెంటు వాళ్ళ ఆఫ్‌లైన్ యుటిలిటీ (కంప్యూటర్లోకి దించుకుని నింపే ప్రోగ్రాం) ఉచితమే. కాకపోతే అమ్మకాల పట్టిక నువ్వే కూర్చుకోవాలి. బ్రోకరు ఇచ్చిన ఫైలునో, మ్యూచువల్ ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్, కేఫిన్‌టెక్ వాళ్ళ క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంటునో నేరుగా తీసుకుని ఆ పట్టిక నింపిపెట్టే పనికే ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌కి డబ్బివ్వొచ్చు. పది పన్నెండు అమ్మకాలే అయితే అదీ అనవసరం. విన్‌మ్యాన్, కంప్యూటాక్స్ లాంటివి వందల మంది క్లయింట్లున్న ఆడిటర్లకు, నీకు కావు.

ప్రైవేటుదే తీసుకునేటట్టయితే డబ్బు కట్టే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ సంస్థ డిపార్ట్‌మెంటు దగ్గర ఈ-రిటర్న్ ఇంటర్మీడియరీగా, అంటే ఇతరుల రిటర్నులు పంపే సంస్థగా, నమోదై ఉండాలి. నింపిన రిటర్నును జేసన్ ఫైలుగా, అంటే పోర్టల్ చదవగలిగే రూపంలో, దించుకోనివ్వాలి. అది ఇవ్వకపోతే నీ లెక్కంతా వాళ్ళ దగ్గరే చిక్కుకుపోతుంది, నచ్చకపోయినా వదిలి రాలేవు. ప్రశ్నలడిగి జవాబులు తీసుకోవడంతో సరిపెట్టకుండా అసలు ఫారంలోని షెడ్యూళ్ళు (పట్టికలు) ఎలా నిండాయో చూపించాలి. మినహాయింపులు ఎక్కువుండే పాత విధానం, రేట్లు తక్కువుండే కొత్త విధానం రెండింటి పన్నూ పక్కపక్కన చూపించాలి. ఇంకో చిన్న పరీక్ష: 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న డెట్ ఫండు (బాండ్లలో పెట్టే ఫండు) ఒకటి అమ్మినట్టు ఎక్కించి చూడు. ఎన్నేళ్ళు ఉంచుకున్నా ఆ లాభం శ్లాబు రేటులోకే, అంటే జీతం మీద పడే రేటులోకే, వెళ్ళాలి. దీర్ఘకాలికంలో వేసిందంటే ఆ సాఫ్ట్‌వేర్ నీకొద్దు.

ఇప్పుడు నా గుబులు సంగతి. కంపెనీ మారినవాళ్ళు ఏటా చేసే తప్పు ఒకటుంది. నీ జీతం అంకెలు నాకు సరిగా తెలియవు కాబట్టి నా అంకెలతో చెప్తాను. మొదటి కంపెనీ నెలకు లక్ష చొప్పున ఏడు నెలలు ఇచ్చింది అనుకో, మొత్తం 7,00,000. రెండో కంపెనీ ఐదు నెలలకు 9,00,000 ఇచ్చింది. 2025-26కి కొత్త విధానంలో జీతగాళ్ళకు ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల వరకూ రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి ఎవరి లెక్కలో వాళ్ళకు పన్ను సున్నా. ఇద్దరూ టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే కోసే పన్ను, పట్టుకోరు. రెండూ కలిపితే 16,00,000. డిడక్షన్ ఒక్కసారే పోతుంది, మిగిలేది 15,25,000. దాని మీద పన్ను 1,08,750, సెస్సుతో 1,13,100. రూపాయి కూడా కట్టి లేదు!

టీడీఎస్ సున్నా అయిన కంపెనీ జీతం ముందే నింపిన వివరాల్లో కనిపించకపోవచ్చు, వాళ్ళు ఫారం 16 ఇవ్వకపోవచ్చు కూడా. సాఫ్ట్‌వేర్ ఉన్న ఒక్క ఫారం 16నే చదివి, "పన్ను లేదు" అని పచ్చరంగులో చూపిస్తుంది. వెనకటికి రిటర్నుకు కాగితాలు జత చేసే రోజుల్లో, తీసుకునే గుమాస్తా "అమ్మా, మిగతా నెలల జీతం ఏదీ?" అని అడిగేవాడు. ఇప్పుడు ఏ కాగితమూ జతచేయం, అడిగే మనిషీ లేడు. అందుకని పన్నెండు నెలల పే స్లిప్పులూ ముందు పెట్టుకుని, బ్యాంకులో పడిన జీతంతో నెలనెలా పోల్చుకో.

రెండో కంపెనీని ఎక్కించేటప్పుడు ఇంకో గుంట ఉంది. ఫారం 16 పార్ట్ బీలో డిడక్షన్ పోగా మిగిలిన అంకె, ఇక్కడైతే 6,25,000, 8,25,000, తెచ్చి రాసేస్తారు. సాఫ్ట్‌వేర్ ఆ రెండూ కలిపిన మొత్తంలోంచి మళ్ళీ 75,000 తీసేస్తుంది. 15,25,000 చూపాల్సిన చోట 13,75,000 పడుతుంది. పన్ను 23,400 తగ్గిపోయి కొన్నాళ్ళకు నోటీసు వస్తుంది. సెక్షన్ 17(1) కింద ఉన్న మొత్తం జీతం అంకెనే, కంపెనీకి ఒకటి చొప్పున రాయి. ఇద్దరు యజమానులను విడివిడిగా ఎక్కించనివ్వని సాఫ్ట్‌వేర్ ఎంత చవకైనా తీసుకోకు.

అసలు నవంబరులో చేరినప్పుడే ఫారం 12బీ ఇచ్చి పాత జీతం చెప్పి ఉంటే కొత్త కంపెనీయే పన్ను పట్టుకునేది. ఇచ్చి ఉండవు, నాకు తెలుసు. చేరిన రోజు వచ్చే కాగితాల్లో ఏముందో చదవకుండా సంతకం పెట్టకమ్మా అని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? సరే, అయిందేదో అయింది, దిగులు పడకు. ఏప్రిల్ నుంచి నెలకు ఒక శాతం వడ్డీ, ఈ ఉదాహరణలో 1,131, పెరుగుతుంది కనుక, లెక్క తేలిన రోజే పోర్టల్‌లోని ఈ-పే టాక్స్‌లో కట్టేయ్. 2025-26 ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27, రకం సెల్ఫ్ అసెస్‌మెంట్ (300). ఏడాది తప్పుగా ఎంచుకుంటే డబ్బు వేరే ఏడాదికి పోతుంది. చలానాలోని బీఎస్ఆర్ కోడ్ (బ్యాంకు శాఖ నంబరు), తేదీ, నంబరు రిటర్నులో ఎక్కించాలి. చేతిలో డబ్బు సర్దుబాటు కాకపోతే మొహమాటపడకుండా నాకు చెప్పు.

యుటిలిటీ వెర్షన్ సంగతి కూడా గుర్తుంచుకో. సీజను మధ్యలో మారుతూ ఉంటుంది. 2024 జూలై 5న మార్చినప్పుడు షేర్ల స్వల్పకాలిక లాభం మీద 87ఏ సెక్షను రిబేటు (పైన చెప్పిన మాఫీయే) ఆగిపోయింది. ముందు రోజు వేసినవాళ్ళకు వచ్చింది, తర్వాత వేసినవాళ్ళకు రాలేదు, వ్యవహారం బొంబాయి హైకోర్టు దాకా వెళ్ళింది. ఇప్పుడైతే ఆ లాభానికి రిబేటు లేదని చట్టంలోనే రాశారు. పంపే రోజు కొత్త వెర్షన్ దించుకుని, అందులో జేసన్ తెరిచి పన్ను అంకె మారిందేమో చూడు.

"మీకు రీఫండ్ పెంచి ఇస్తాం" అనే మనిషిని, యాప్‌ని దగ్గరకు రానివ్వకు. ఇవ్వని పార్టీ విరాళాలు, కట్టని అద్దెలు రాసేది వాళ్ళు, జవాబు చెప్పుకునేది నువ్వు. తప్పుడు వివరాలకు ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం దాకా జరిమానా ఉంది. పోర్టల్ ప్రొఫైల్లో మొబైలు, ఈమెయిలు నీవే ఉన్నాయో లేదో ఈ రాత్రే చూడు. ఇంతకు ముందు వేసినవాళ్ళు తమవి పెట్టుకుని ఉంటే నోటీసులు నీకు చేరవు.

పంపాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయకపోతే, వెరిఫై చేసిన రోజునే రిటర్ను వేసినట్టు లెక్క, అప్పటికి గడువు దాటిపోవచ్చు. అదే కూర్చున్న చోట చేసేయ్.

సబ్మిట్ నొక్కే ముందు కంప్యూటేషన్ పీడీఎఫ్ నాకు పంపు, ఒక పూటలో చూసి చెప్తాను. పాస్‌వర్డు మాత్రం నాక్కూడా పంపకు.

నీ
బాబాయి