ఒక్క జీతం మీద ఇంటి చదువు సాగుతుందా?

సెలవులకి గుంటూరు వచ్చి బ్రాడీపేటలో అమ్మ దగ్గర ఉన్నాను. మొన్న విజయవాడ పటమట నుంచి ఒక అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ళాయన అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌లో ఉద్యోగంలో చేరి ఏడాదయింది, ఈమె ఇద్దరు పిల్లల్ని తీసుకుని జూలైలో బయల్దేరుతోంది. "అక్కా, హెచ్-4 మీద నాకెటూ ఉద్యోగం లేదు. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటే ఫీజులన్నా మిగులుతాయి కదా?" అంది. హెచ్-4 అంటే, హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చే వీసా. ఇంతకుముందు కూడా చాలామంది అడిగిన మాటే. మా పెద్దవాడికి మూడు, నాలుగు తరగతులు టెక్సాస్‌లో ఇంట్లోనే చెప్పాను కాబట్టి, తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ఫీజులు మిగులుతాయన్నది విజయవాడ లెక్క. ఇక్కడ బడి మానిపిస్తే ఫీజు, వ్యాను డబ్బులు, యూనిఫాం, పుస్తకాలు అన్నీ మిగులుతాయి, నిజమే. అమెరికాలో మీరుండే చోటుకి చెందిన ప్రభుత్వ బడిలో 12వ తరగతి దాకా ఫీజు లేదు. హెచ్-4 మీద వచ్చిన పిల్లలకీ అంతే. ఇంగ్లిషులో తడబడే పిల్లలకి విడిగా నేర్పుతారు. పైగా టెక్సాస్ బడుల ఖర్చులో పెద్ద భాగం ఇళ్ళ మీద వేసే పన్నులోంచే వస్తుంది. ఇంటి ఓనరు కట్టే ఆ పన్ను మీ అద్దెలో కలిసే ఉంటుంది. బడికి పంపినా పంపకపోయినా ఆ డబ్బు మీ చేతి నుంచి పోతూనే ఉంటుంది. కాబట్టి ఇంటి చదువులో మిగులు లేదు, పైన పెట్టుకోవాల్సిందే.

పుస్తకాల గురించి భయపడకండి. ఖాన్ అకాడమీ పాఠాలు ఉచితం, ఊరి లైబ్రరీ కార్డూ ఉచితమే. లెక్కల వర్క్‌బుక్కులు, ప్రింటరు ఇంకు, చిన్న చిన్న సైన్సు సామాను కలిపి మాకు ఏడాదికి ఆరేడు వందల డాలర్లు దాటలేదు. భారం పడింది వేరే చోట. బడిలో ఊరికే దొరికే ఆటలు, పాటలు, తోటి పిల్లలు, ఇవన్నీ బయట కొనుక్కోవాల్సి వచ్చింది. ఈత క్లాసుకో లైబ్రరీకో తీసుకెళ్ళాలంటే కారు కావాలి, ఉన్న ఒక్క కారూ ఆయనతో ఆఫీసుకి పోయేది. డాలస్ చుట్టుపక్కల ఆటో ఎక్కి పోయే వీలుండదు. రెండో కారు వాయిదా, దాని ఇన్సూరెన్సు ముందు పుస్తకాల ఖర్చు లెక్కలోకే రాలేదు.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు తల్లి జీతం. హెచ్-4 మీద పని అనుమతి లేనన్నాళ్ళూ అది కనపడదు. 2015లో వచ్చిన నిబంధన ప్రకారం హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం వస్తే భార్యో భర్తో ఈఏడీకి, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డుకి, దరఖాస్తు పెట్టుకోవచ్చు. నా కార్డు మావాడి నాలుగో తరగతి మధ్యలో వచ్చింది. చదువు సగంలో వదలలేక ఏడు నెలలు ఆగాను. ఆ ఏడు నెలల జీతమే మేం కట్టిన ఫీజు. నాకు బాధ లేదు, ఎందుకంటే ముందే ఇద్దరం కూర్చుని ఒప్పుకున్నాం. మీరూ కార్డు రాకముందే మాట్లాడుకోండి.

ఇంకో మాట, చాలా జాగ్రత్తగా వినండి. "మా పాపకీ చెప్పండి, నెలకింత ఇస్తాం" అని పక్కింటివాళ్ళు అడుగుతారు. ఈఏడీ లేకుండా ఆ డబ్బు తీసుకోవద్దు. అది ఉద్యోగం కిందికే వస్తుంది, రేపు వీసాకి ముప్పు.

చట్టం సంగతికొస్తే, అమెరికా 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువుకి అనుమతి ఉంది, పద్ధతులే వేరు. టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్ లేదు. అక్కడి సుప్రీంకోర్టు 1994లో దీన్ని ప్రైవేటు బడితో సమానం అంది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా ఎలా మెలగాలో చెప్పాలి. బడిలో చేర్చాక మానిపిస్తే మాత్రం ఆ సంగతి రాసివ్వాలి, లేకపోతే ఎగ్గొట్టిన కింద లెక్కేస్తారు. న్యూయార్క్‌లో అయితే ప్లాను, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. జర్మనీ వెళ్ళేవాళ్ళు ఈ ఆలోచనే పెట్టుకోకండి, అక్కడ పిల్లలు బడికి వెళ్ళి తీరాలి.

ఆ అమ్మాయికి నేను చెప్పింది, మొదటి ఏడాది బడికి పంపమని. కొత్త దేశంలో తల్లికీ ఎవరూ తెలియక, పిల్లలకీ ఎవరూ తెలియక నాలుగు గోడల మధ్య పగలంతా గడపడం ఎంత కష్టమో నేను చూశాను. ఆ ఏడాదిలో అద్దె, హెల్త్ ఇన్సూరెన్సు, ఇక్కడ అత్తమామలకి పంపేది పోగా ఏం మిగులుతోందో తెలుస్తుంది. హెచ్-1బీ ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి మామూలుగా 60 రోజులే గడువు. నలుగురికీ తిరుగు టిక్కెట్లు, మూడు నెలల ఖర్చు బ్యాంకులో లేకుండా ఒక్క జీతం మీద ఇలాంటివి మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం.

"అయితే ఇప్పుడు నేనేం చెయ్యాలక్కా?" అంది. సోమవారం బడికెళ్ళి ఇద్దరికీ టీసీలు, మార్కుల కార్డులు తీసుకోమన్నాను. టీకాల కార్డులు డాక్టరు సంతకంతో సహా చేతి సంచిలో పెట్టుకోమన్నాను. అక్కడ బడిలో చేర్చేటప్పుడు ముందు అడిగేది అవే.