ఉబుంటు నుంచి మింట్‌కు: ఫైళ్లు పోకుండా మారడం ఎలా?

ప్రశ్న: ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు ఉబుంటు 22.04 అనే లినక్స్ సిస్టమ్ వాడుతున్నాం. 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఫైర్‌ఫాక్స్ నొక్కితే తెరుచుకునేసరికి విసుగొస్తోంది. లినక్స్ మింట్ తేలిగ్గా ఉంటుందంటున్నారు. ఫొటోలు, పాస్‌వర్డ్‌లు, ఇంటి లెక్కల ఫైళ్లు పోకుండా మారడం ఎలా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ ల్యాప్‌టాప్‌ను ఎక్కువగా వెనక్కి లాగుతున్నది ఆ హార్డ్ డిస్కే. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్ ప్యాకేజీగా వస్తుంది. కుదించి పెట్టిన ఫైలులోంచి విప్పుకుంటూ మొదలవ్వాలి కాబట్టి, తిరిగే డిస్కు మీద మొదటిసారి తెరిచినప్పుడు ఆలస్యం తప్పదు. మింట్‌లో అది మామూలు డెబ్ ప్యాకేజీ, అంటే ముందే విప్పి డిస్కులో పెట్టినది, కాస్త తేడా తెలుస్తుంది. కానీ 256 జీబీ శాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేయిస్తే వచ్చే వేగం ముందు ఆ తేడా ఏపాటిది? డబ్బు పెట్టగలిగితే ముందు అది వేయించి, మింట్ దానిలోనే ఎక్కించండి. పాత డిస్కు చెక్కుచెదరకుండా మీ చేతిలో ఉంటుంది. 22.04కు భద్రతా అప్‌డేట్లు 2027లో కూడా వస్తాయి, తొందరపడాల్సిన పని లేదు.

ఉన్న డిస్కులోనే మారాలంటే ముందు ‘డిస్క్స్’ అనే ప్రోగ్రామ్ తెరిచి, హోమ్‌కు, అంటే మీ సొంత ఫైళ్లుండే ఫోల్డర్‌కు, విడిగా పార్టిషన్ (డిస్కులో వేరు చేసిన భాగం) ఉందో లేదో చూడండి. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోకపోతే అది ఉండదు, అంతా ఒకే పార్టిషన్‌లో ఉంటుంది. ఉన్నా లేకపోయినా బ్యాకప్ మాత్రం తీయాల్సిందే. హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లు కనిపిస్తాయి, వాటినీ కాపీ చేయండి. ఫొటోలు, లెక్కల ఫైళ్లకు ఎక్స్‌ఫ్యాట్ (విండోస్‌లోనూ తెరుచుకునే ఫార్మాట్) పెన్‌డ్రైవ్ చాలు. దాచిన సెట్టింగ్‌లకు మాత్రం ఎక్స్‌టీ4 (లినక్స్ సొంత ఫార్మాట్) చేసిన డిస్కు వాడండి, లేదా ఫోల్డర్ మొత్తాన్ని ఒకే టార్ ఫైలుగా కట్టండి. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫైళ్ల అనుమతులు నిలవవు.

పాస్‌వర్డ్‌ల దగ్గర చాలామంది పొరబడతారు. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ (పాస్‌వర్డ్‌లు దాచుకునే ఫోల్డర్) మామూలు మొజిల్లా ఫోల్డర్‌లో ఉండదు, హోమ్‌లోని ‘స్నాప్’ ఫోల్డర్ లోపల ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ సమాచారం తెరిస్తే ప్రొఫైల్ ఎక్కడుందో చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ మూసేసి ఆ ఫోల్డర్ మొత్తం తీసుకోండి. మింట్‌లో ఆ ప్రొఫైల్‌ను తెరిచే ముందు అప్‌డేట్లన్నీ వేయండి, ఎందుకంటే కొత్త వెర్షన్‌లో వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ తెరవనంటుంది.

ఇక ఎక్కించడం. మీ 4 జీబీ ర్యామ్‌కు మింట్ 22 వరుసలో తేలికైన డెస్క్‌టాప్ ఉన్న ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ నప్పుతుంది. ఆ వరుసకు 2029 దాకా మద్దతు ఉంది. ఐఎస్ఓ ఫైలు (మింట్ మొత్తం ఉండే ఇన్‌స్టాల్ ఫైలు) దాదాపు 3 జీబీ, కాబట్టి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. పెన్‌డ్రైవ్‌లోకి ఫైలును ఊరికే కాపీ చేస్తే బూట్ అవ్వదు, ‘స్టార్టప్ డిస్క్ క్రియేటర్’తో రాయించండి. ముందు సైట్‌లో ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైలు పూర్తిగా దిగిందో లేదో తేల్చే కోడ్) సరిపోల్చుకోండి. సగం దిగిన ఐఎస్ఓతో ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే, అప్పటికి పాత సిస్టమ్ కూడా చెరిగిపోయి ఉంటుంది. మెషీన్ ఆన్ చేయగానే డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. పెన్‌డ్రైవ్ మీదే మింట్‌ను కాసేపు నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయేమో చూసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి.

పార్టిషన్ల దగ్గర ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఎంచుకోండి. హోమ్ విడిగా ఉంటే, పాత ఉబుంటు ఉన్న పార్టిషన్‌ను రూట్‌గా (సిస్టమ్ ఉండే చోటు), అంటే / గుర్తుతో పెట్టి ఎక్స్‌టీ4గా ఫార్మాట్ టిక్ చేయండి. హోమ్ పార్టిషన్‌ను హోమ్‌గానే చూపించండి, ఫార్మాట్ గడిలో టిక్ మాత్రం పెట్టకండి. కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌నూ ఫార్మాట్ చేయకండి. ‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కాక ఏయే పార్టిషన్లు ఫార్మాట్ అవుతాయో చెప్పే చిన్న పెట్టె వస్తుంది. అందులోని పేర్లు ఒక్కొక్కటిగా చదవండి. అక్కడ హోమ్ పార్టిషన్ పేరు కనిపిస్తే వెనక్కి రండి, అప్పటికింకా ఏదీ చెరగదు.

హోమ్ విడిగా లేకపోతే రూట్‌కు కూడా ఫార్మాట్ టిక్ తీసేయండి. ఈ ఇన్‌స్టాలర్ సిస్టమ్ ఫోల్డర్లను తుడిచి హోమ్‌ను ఉంచుతుంది. బ్యాకప్ లేకుండా మాత్రం ఈ దారి తొక్కొద్దు. ఏ దారిలో వెళ్లినా యూజర్ పేరు పాతదే, అక్షరం తేడా లేకుండా ఇవ్వండి. పేరు మారితే పాత ఫోల్డర్ పక్కన ఖాళీగా ఇంకోటి పుడుతుంది, మీ ఫైళ్లన్నీ పోయాయని కంగారు పడతారు. లాగిన్ అయ్యాక థీమ్, ప్యానెల్ వింతగా ఉంటే అవి పాత డెస్క్‌టాప్ సెట్టింగ్‌లు. హోమ్‌లో దాగి ఉండే ‘డాట్ కాన్ఫిగ్’ (.config) ఫోల్డర్ పేరు మార్చి మళ్లీ లాగిన్ అయితే కొత్తది తయారవుతుంది.

ప్రశ్న: ఉబుంటు పక్కనే మింట్ వేశాను. ఉబుంటులో అప్‌డేట్ వచ్చాక బూట్ మెనూలో మింట్ కనిపించడం లేదు. ఎందుకు?
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఈఎఫ్ఐ పార్టిషన్‌లో మింట్ కూడా ‘ఉబుంటు’ అనే పేరుతోనే ఫోల్డర్ పెట్టుకుంటుంది. బూట్ మెనూ చూపించే ప్రోగ్రామ్ గ్రబ్. దాన్ని చివరగా తిరిగి రాసిన సిస్టమే ఆ ఫోల్డర్‌ను ఏలుతుంది. పైగా ఉబుంటు 22.04లోని గ్రబ్ పక్క సిస్టమ్‌లను వెతకడం మానేసింది, మింట్ మాత్రం వెతుకుతుంది. అందుకని మెనూ మింట్ చేతిలో ఉండటమే మేలు. మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అందులో ఉన్న ‘బూట్ రిపేర్’ నడపండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో డీఫాల్ట్ సిస్టమ్‌గా మింట్‌ను ఎంచుకోవడం మరవొద్దు. ఉబుంటు గ్రబ్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఇది మళ్లీ జరగొచ్చు. రెండూ నిజంగా అవసరమా అన్నది కూడా ఆలోచించండి.

ప్రశ్న: మింట్‌లో తెలుగు టైపింగ్ ఎలా? డీటీపీ సెంటర్ వాళ్లిచ్చిన అను ఫాంట్ల ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి.
- ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఇన్‌స్క్రిప్ట్ (ప్రామాణిక తెలుగు కీబోర్డ్ అమరిక) వచ్చినవారికి ఏదీ దింపుకునే పని లేదు. కీబోర్డ్ సెట్టింగ్‌లలో లేఅవుట్స్‌కు వెళ్లి తెలుగు చేర్చండి. అక్కడే సరళ, కగప లేఅవుట్లూ ఉంటాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో తెలుగు కొట్టే అలవాటుంటే సినాప్టిక్‌లో (ప్యాకేజీలు వేసే ప్రోగ్రామ్) ‘ఐబస్ ఎం17ఎన్’ ప్యాకేజీ వేసి, ‘ఇన్‌పుట్ మెథడ్’లో ఐబస్ ఎంచుకుని, లాగౌట్ అయి రండి. ఆపై ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు ఆర్‌టీఎస్ గానీ ఐట్రాన్స్ గానీ చేర్చండి. లాగౌట్ కాకపోవడం వల్లే సగం మందికి ఇది పనిచేయదు.

అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి కోడ్ ఇచ్చే ప్రమాణం) కావు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు ఆకారాలు గీసినవి, కాబట్టి ఆ ఫాంట్ లేని ఏ కంప్యూటర్‌లోనైనా, విండోస్‌లోనైనా, ఇలాగే కనిపిస్తాయి. చదవడానికైతే వాళ్లను పీడీఎఫ్ అడగండి. దిద్దుకోవాలంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ఒత్తులు ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

ప్రశ్న: కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ మింట్‌తో పనిచేస్తుందా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కష్టపడితే పనిచేస్తుంది. అది క్యాప్ట్ అనే కానన్ సొంత భాషలోనే మాట్లాడుతుంది, మామూలు డ్రైవర్లు (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లు) దానికి పనికిరావు. కానన్ ఇచ్చిన పాత లినక్స్ డ్రైవర్‌కు 64 బిట్ సిస్టమ్‌లో కూడా 32 బిట్ లైబ్రరీలు కావాలి. రోజూ ప్రింట్లు తీసే ఇల్లయితే దానికోసం ఒక విండోస్ మెషీన్ ఉంచుకోండి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివైతే హెచ్‌పీలిప్‌తో (లినక్స్ కోసం హెచ్‌పీ ఇచ్చే డ్రైవర్ ప్యాకేజీ) పాటు దాని ప్లగిన్ కూడా వేయాలి. ప్లగిన్ లేకపోతే ప్రింటర్ జాబితాలో కనిపిస్తుంది గానీ కాగితం కదలదు.