ఆ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో చదవండి

"హైస్కూల్లో ఆధునిక ప్రపంచ చరిత్ర ఎందుకు? ఎప్పుడో అయిపోయిన యుద్ధాల తేదీలు బట్టీ పట్టి ఏం ఉపయోగం?" అని అడిగారు. బట్టీ మీద మీ కోపం న్యాయమే. చరిత్ర మీద మాత్రం కోపం పెట్టుకోకండి.

నాకూ తొమ్మిదో తరగతి దాకా చరిత్ర అంటే బిట్లే. మొదటి ప్రపంచ యుద్ధం ఎప్పుడు మొదలైంది? 1914. తక్షణ కారణం? ఆస్ట్రియా యువరాజు ఫెర్డినాండ్ హత్య. ఒక మార్కు. బోస్నియాలోని సరయేవోలో యువరాజును చంపితే జర్మనీ, బ్రిటన్ ఎందుకు కొట్టుకున్నాయని అడగాలని కూడా తోచేది కాదు.

పదో తరగతిలో కొత్తగా వచ్చిన సోషల్ మేడం ఒకరోజు బోర్డు మీద, హత్య జరిగిన జూన్ 28 నుంచి ఆగస్టు 4 దాకా గళ్ళు గీసి, మమ్మల్ని దేశాలుగా కూర్చోబెట్టారు. నేను సెర్బియా, అంటే హత్య వెనక ఉందని ఆస్ట్రియా నిందించిన దేశం. జులై 23 గడి దగ్గరికి రాగానే నా ఫ్రెండు, అంటే ఆస్ట్రియా, లేచి నా చేతిలో ఒక కాగితం పెట్టింది. నిండా డిమాండ్లు, గడువు 48 గంటలు. మా బెంచీలో నలుగురం తలలు దగ్గర పెట్టుకుని జవాబు రాశాం. దాదాపు అన్నింటికీ ఒప్పుకున్నాం. మా దేశంలో మీ అధికారులొచ్చి దర్యాప్తు చేస్తామంటే మాత్రం కుదరదన్నాం. తనకి ఇచ్చాను. పైపైన చూసి మడిచేసి, సంచీ భుజాన వేసుకుని క్లాసు బయటికి వెళ్ళిపోయింది. ఇదేంటి మేడం, చదవనైనా చదవలేదు అని నేను గట్టిగా అరిచాను. "నిజంగా జరిగిందీ అంతే. ఆస్ట్రియా రాయబారి అరగంటలో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ నుంచి రైలెక్కేశాడు" అన్నారు మేడం. నాకు ఒళ్ళు జలదరించింది. జులై 28న నా మీద యుద్ధం ప్రకటించారు. 30న సెర్బియాకు అండగా రష్యా తన సైన్యం మొత్తాన్ని సమీకరించింది. ఆగస్టు 1న రష్యా మీద, 3న దాని మిత్రదేశం ఫ్రాన్స్ మీద జర్మనీ యుద్ధం ప్రకటించింది. 4న అది బెల్జియంలో అడుగు పెట్టడంతో, 1839 నాటి ఒప్పందం ప్రకారం బెల్జియం తటస్థతకు హామీ ఉన్న బ్రిటన్ కూడా దిగింది. మొత్తం 37 రోజులు. ఆ తేదీలు నేను బట్టీ పట్టలేదు, ఇప్పటికీ ఒక్కటీ మర్చిపోలేదు.

బిట్లుగా చదివినవాళ్ళకి పరీక్ష మర్నాడు ఏమీ గుర్తుండదని నేను గట్టిగా చెప్పగలను. ఇంకో బాధ, మ్యాపులు. ఆస్ట్రియా-హంగరీ, ఒట్టోమన్ సామ్రాజ్యం ఇప్పటి మ్యాపులో లేవు. 1914 నాటి మ్యాపు పక్కన పెట్టకుండా పిల్లలకి ఈ పాఠం ఎలా చెబుతారు? సిలబస్ వెనకబడితే మొదట కోత పడేది కూడా చరిత్రకే.

అయిపోయిన యుద్ధాలు అన్నారు కదా. యుద్ధంలో ఓడిన జర్మనీ మీద నష్టపరిహారం మోపిన వెర్సాయి సంధి మీద సంతకాలు జరిగింది 1919 జూన్ 28న, సరిగ్గా ఆ హత్య జరిగిన ఐదేళ్ళకి. ఆ పరిహారం కోసం జర్మనీ చేసిన అప్పుల తాలూకు చివరి వాయిదా కట్టింది 2010 అక్టోబర్ 3న.

పరీక్ష దగ్గర్లో ఉంటే కనీసం ఒక పని చేయండి. జులై 23 నుంచి ఆగస్టు 4 దాకా ఒక కాగితం మీద వరసగా రాసుకుని, ఒక్కో తేదీ పక్కన ఎవరు ఎవరిని ఏం అడిగారో, వాళ్ళు ఏమన్నారో మీ మాటల్లో రాయండి. గంట పడుతుంది, అంతే.