సంతకం పెట్టకండి

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ రంగ సంస్థలో 18 ఏళ్లుగా డ్రైవర్‌ని. నిరుడు రోడ్డు ప్రమాదంలో కుడి కాలు మోకాలి కింద తీసేశారు. మెడికల్ బోర్డు డ్రైవింగ్‌కి అన్‌ఫిట్ అంది. వాలంటరీ రిటైర్మెంట్ పెట్టుకో, లేదంటే తక్కువ జీతానికి అటెండర్‌గా చేరు అంటున్నారు. పిల్లల చదువులు ఇంకా అవలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు మేడం?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు ఒక్క మాట. వాళ్లు ఇచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే పెట్టేసి వస్తారు. దరఖాస్తు ఆఫీసులోనే టైపు చేసి ఉంచుతారు, ‘వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా’ అని. సంతకం, తేదీ దగ్గర మాత్రం ఖాళీ. అది పడ్డాక బలవంతంగా పెట్టించారని నిరూపించడం చాలా కష్టం.

మీరు బండి నడపలేకపోవచ్చు. అంతమాత్రాన ఉద్యోగానికే పనికిరారని ఎవరూ అనలేరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) మీకోసమే ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే పే స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టు ఇవ్వాలి. ఖాళీ లేదంటే, తగిన పోస్టు వచ్చేదాకా లేదా మీరు రిటైరయ్యేదాకా సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే మీకోసం అదనంగా సృష్టించిన పోస్టులో ఉంచాలి. తక్కువ జీతానికి అటెండర్ అనే మాటే చట్టవిరుద్ధం. 1995 నాటి పాత చట్టంలోనూ ఈ రక్షణ ఉండేది. సర్వీసులో కాలు పోగొట్టుకున్న కానిస్టేబుల్ కునాల్ సింగ్‌కి అనుకూలంగా 2003లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు కాపీ మీ అర్జీకి జత చేయండి.

అర్జీ రాతపూర్వకంగానే ఇవ్వండి, మీ కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. సంస్థలోని గ్రీవెన్స్ అధికారి ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. అక్కడ తేలకపోతే దివ్యాంగుల కమిషనర్‌కి రాయండి. కేంద్ర సంస్థ అయితే చీఫ్ కమిషనర్‌కి, రాష్ట్ర సంస్థ అయితే రాష్ట్ర కమిషనర్‌కి. ఆయన ఇచ్చేది సిఫారసే గానీ, దాని మీద ఏం చేశారో సంస్థ మూడు నెలల్లో చెప్పాలి. అప్పటికీ కదలకపోతే హైకోర్టులో రిట్ వేద్దాం.

ఈలోగా వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. మెడికల్ బోర్డు రిపోర్టు కాపీ మీకు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.