వారెంటు ఉన్న చుట్టం ఇంటికొస్తే

ప్రశ్న ఇది: మిత్రదేశం నాయకుడి మీద అంతర్జాతీయ కోర్టు అరెస్టు వారెంటు ఇస్తే, ఆ కోర్టులో సభ్యత్వం ఉన్న ప్రభుత్వం అతన్ని నిజంగా పట్టుకోవాలా? స్నేహం చెడిపోదా?

సంతకం పెట్టిన దేశమైతే పట్టుకోవాలి. అంత ధైర్యం లేకపోతే "మా ఊరు రావద్దు బాబూ" అని ముందే చెప్పుకోవాలి. ఈ రెండూ కాకుండా పిలిచి, పీట వేసి, చివర్లో పెరటి గుమ్మంలోంచి సాగనంపితే ఎలా ఉంటుందో నేను 2015లో జొహానెస్‌బర్గ్‌లో ఉండగా చూశాను.

ముందు ఒక మాట. ఐసీసీ అనగానే మనవాళ్లకు క్రికెట్టే గుర్తొస్తుంది. ఇది ఆ ఐసీసీ కాదు, హేగ్‌లో ఉన్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు. దేశాల మధ్య తగవులు తీర్చే కోర్టు వేరే ఉంది, అదీ హేగ్‌లోనే. క్రిమినల్ కోర్టు విచారించేది మనుషుల్ని. 1998లో రోమ్‌లో ఒప్పందం కుదిరింది, 2002 జూలైలో అమల్లోకి వచ్చింది. దేశాధ్యక్షుడైనా సరే పదవి చూసి వదిలేది లేదని ఒప్పందం 27వ అధికరణంలో రాసుకున్నారు. కాకపోతే ఈ కోర్టుకు సొంత పోలీసులు లేరు. సభ్యదేశాలు పట్టి అప్పగిస్తేనే కేసు కదిలేది.

అప్పట్లో మా కంపెనీ నన్ను ఒక బ్యాంకు ప్రాజెక్టు మీద పంపింది. ఆఫీసు సాండ్‌టన్‌లో, ఆఫ్రికన్ యూనియన్ శిఖరాగ్ర సభ జరిగిన కన్వెన్షన్ సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో. జూన్ అంటే అక్కడ చలికాలం. పొద్దున్నే జర్కిన్ వేసుకుని గౌట్రైన్ స్టేషన్ దిగితే వీధి వీధికీ అడ్డకమ్మీలు, మోటార్ సైకిళ్ల మీద పోలీసులు. మెడలో ఆఫీసు కార్డు లేనిదే అడుగు ముందుకు పడనిచ్చేవాళ్లు కాదు. ఆ సభకే సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ వచ్చాడు. సూడాన్ పడమటి ప్రాంతం డార్ఫుర్‌లో జరిగిన మారణకాండకు అతని మీద 2009లో ఒకటి, 2010లో ఇంకొకటి, మొత్తం రెండు వారెంట్లున్నాయి. అక్కడ మూడు లక్షల మంది దాకా చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా.

ఆదివారం, జూన్ 14న, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రిటోరియా హైకోర్టుకు వెళ్లింది. విషయం తేలేదాకా బషీర్‌ను దేశం దాటనివ్వొద్దని జడ్జి హాన్స్ ఫాబ్రిషియస్ ఆదేశించారు. సోమవారం మా ఆఫీసులో ఎవరూ పని చేసినట్టు గుర్తు లేదు. నా పక్క సీటులో కూర్చునే అతను డర్బన్ తెలుగువాడు. 1860 తర్వాత నటాల్ చెరకు తోటలకు కూలికి పోయిన కుటుంబాల్లో పుట్టినవాడు. అతనికి వచ్చిన తెలుగు అమ్మ, నాన్న, రా, పో, అంతే. ఇద్దరం ఒకే తెర మీద కోర్టు వార్తలు చూస్తున్నాం. మధ్యాహ్నం వేళకే వాటర్‌క్లూఫ్ సైనిక విమానాశ్రయం నుంచి సూడాన్ విమానం లేచిపోయిందని కబురు వచ్చింది. అదే సమయంలో కోర్టులో ప్రభుత్వ లాయరు, ఆయన ఇంకా దేశంలోనే ఉన్నారని చెబుతున్నాడు! మూడు గంటలప్పుడు ముగ్గురు జడ్జీల ధర్మాసనం అరెస్టు చేయమని ఆదేశం ఇచ్చింది. ఆ తర్వాత గానీ లాయరు, ఆయన వెళ్లిపోయినట్టున్నారు అని ఒప్పుకోలేదు. సాయంత్రం ఖార్టూమ్‌లో దిగిన బషీర్ చేతికర్ర పైకెత్తి ఊపుతూ జనానికి కనిపించాడు.

మా వాడికి అందులో పెద్ద బాధేం కనపడలేదు. "ఇప్పటిదాకా ఈ కోర్టు బోనెక్కించింది అందరూ ఆఫ్రికావాళ్లే. ఇరాక్ మీద పడ్డవాళ్లకు వారెంటు ఏదీ?" అన్నాడు. ఆ మాటను నేను తోసెయ్యను. 2016 వరకు ఆఫ్రికా బయట ఆ కోర్టు ఒక్క దర్యాప్తు కూడా మొదలుపెట్టలేదు.

మర్నాడు, జూన్ 16, అక్కడ యువజన దినం, సెలవు. 1976లో సొవెటో పిల్లల మీద కాల్పులు జరిగిన రోజు. లెనేసియాలో వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. బిర్యానీ, దాని పక్కన పప్పు, అది డర్బన్ పద్ధతి. వాళ్లమ్మగారు వడ్డిస్తూ కొడుకు వాదన అంతా విని, నా వైపు తిరిగి అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది. "మమ్మల్ని రంగు చూసి వీధులు మార్పించిన ప్రభుత్వానికీ స్నేహితులుండేవాళ్లు బాబూ. 84లో అప్పటి మా ప్రధాని బోథా ఇంగ్లండు వెళ్తే, అక్కడి ప్రధాని థాచర్ తన విడిది ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడింది. మాకేం మిగిలింది?" కొడుకు ప్లేటు మీద నుంచి తల ఎత్తలేదు. వర్ణవివక్షను నేరాల జాబితాలో పేరు పెట్టి చేర్చిన ఒప్పందం కూడా ఈ రోమ్ ఒప్పందమే. సంతకం పెట్టిన దక్షిణాఫ్రికాకు ఆ సంగతి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రభుత్వం వాదన ఏమిటంటే, సభకొచ్చిన ప్రతినిధులకు రక్షణ ఇస్తామని ఆఫ్రికన్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాం, గెజెట్‌లో కూడా వేశాం అని. డార్ఫుర్ శాంతి దళంలో అప్పట్లో వాళ్ల సైనికులూ ఉండేవారు, వాళ్లకేమవుతుందోనన్న భయమూ నిజమే. అయినా 2016 మార్చిలో సుప్రీం కోర్ట్ ఆఫ్ అపీల్ కూడా ప్రభుత్వం చేసింది చట్టవిరుద్ధమనే తేల్చింది. ఎందుకంటే రోమ్ ఒప్పందాన్ని 2002లో తమ పార్లమెంటులోనే చట్టం చేసుకున్నారు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇది హేగ్ వాళ్లు బయట నుంచి రుద్దిన వ్యవహారం కాదు, సొంత దేశపు చట్టం, సొంత దేశపు జడ్జి ఇచ్చిన ఆదేశం. నా లెక్కలో ఆ రోజు జరిగిన పెద్ద తప్పు బషీర్ తప్పించుకోవడం కూడా కాదు. సొంత కోర్టు ముందు నిలబడి, లేచిపోయిన విమానాన్ని నేల మీదే ఉందన్నట్టు చెప్పడం.

ఆ తప్పును కప్పిపుచ్చుకోవడానికి 2016 అక్టోబరులో కోర్టు నుంచే తప్పుకుంటామని నోటీసు ఇచ్చారు. పార్లమెంటును అడక్కుండా అలా కుదరదని 2017 ఫిబ్రవరిలో హైకోర్టు అడ్డం వేసింది, నోటీసు వెనక్కి తీసుకున్నారు. స్నేహితుడి ఒక్క ప్రయాణం కోసం ఎన్ని మెట్లెక్కి దిగారో చూడండి.

2023లో మళ్లీ అదే ఊరు, అదే కన్వెన్షన్ సెంటర్. ఈసారి బ్రిక్స్ దేశాల కూటమి సభ, రావాల్సింది రష్యా అధ్యక్షుడు పుతిన్. ఆ ఏడాది మార్చి 17న ఆయన మీద వారెంటు వచ్చింది. ఆయన్ని అరెస్టు చేస్తే రష్యా దాన్ని యుద్ధ ప్రకటనగా చూస్తుందని దక్షిణాఫ్రికా అధ్యక్షుడు రామఫోసా తమ దేశపు కోర్టుకు అఫిడవిట్ ఇచ్చాడు. చివరికి జూలైలో, ఇద్దరూ మాట్లాడుకుని పుతిన్ రావడం లేదని ప్రకటించారు. రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ వచ్చాడు, పుతిన్ తెర మీద నుంచి మాట్లాడాడు. సంకెళ్లు పడలేదు, చట్టమూ తప్పలేదు. నేను పైన చెప్పిన "రావద్దు" దారి ఇదే. స్నేహం కూడా చెడలేదు.

మంగోలియాది ఇంకో కథ. సభ్యదేశమై ఉండి కూడా 2024 సెప్టెంబరులో పుతిన్‌ను పిలిచి గౌరవ వందనం ఇచ్చింది. పెట్రోలు, డీజిలు దాదాపు 95 శాతం పొరుగు నుంచే తెచ్చుకుంటున్నాం, ఏం చేస్తాం అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వాళ్ల మీద నాకు జాలే ఉంది. అయినా ఎవరూ బలవంతంగా ఆ పిలుపు పంపించలేదు కదా.

హంగరీ మీద మాత్రం జాలి లేదు. ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద 2024 నవంబరు 21న వారెంటు రాగానే హంగరీ అప్పటి ప్రధాని ఓర్బాన్ ఆయన్ని ఆహ్వానించాడు. 2025 ఏప్రిల్‌లో ఆయన బుడాపెస్టులో దిగిన రోజే కోర్టు నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించారు. తప్పుకున్నా అది ఏడాది తర్వాత గానీ అమల్లోకి రాదు, అంటే ఆ రోజుకు అరెస్టు చేసే బాధ్యత ఉన్నట్టే. పుతిన్ వారెంటుకు చప్పట్లు కొట్టిన యూరప్ దేశాల్లో కొన్ని, నెతన్యాహు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నమిలాయి. మా డర్బన్ మిత్రుడి పాత ఫిర్యాదుకు ఇంతకన్నా బలం ఎవరిస్తారు? మనవాడికొకటి, పరాయివాడికొకటి అయితే ఆ కోర్టును రేపు ఎవడూ లెక్కచెయ్యడు.

ఇక మన దేశం సంగతి. మనం ఆ ఒప్పందంలో లేం, కాబట్టి పట్టుకునే బాధ్యతా లేదు. అందుకే జొహానెస్‌బర్గ్ నుంచి అలా వెళ్లిన బషీర్ నాలుగు నెలలకే, 2015 అక్టోబరులో, భారత్-ఆఫ్రికా సభకు దర్జాగా ఢిల్లీ వచ్చాడు. పట్టి అప్పగించమని హేగ్ కోర్టు మనల్నీ అడిగింది. డార్ఫుర్ కేసును భద్రతా మండలి పంపింది కాబట్టి సభ్యత్వం లేని దేశాలనూ సహకరించమని ఆ తీర్మానం కోరింది, కానీ అది ఆజ్ఞ కాదు. నేను అప్పటికి హైదరాబాద్ వచ్చేశాను. టీవీలో ఆయన్ని చూసి మా వాడికి మెసేజ్ పెట్టాను. "అమ్మకు చూపించకు" అని జవాబిచ్చాడు.