లేఆఫ్ మెయిల్లో ముందు తేదీ చూడండి

పోయిన నెలలో ఒక రాత్రి, ఇక్కడ అమెరికాలో హెచ్-1బి (కంపెనీ ఉద్యోగం మీద ఆధారపడే వీసా) మీద పనిచేసే మా వీధి కుర్రాడు వచ్చాడు. లేఆఫ్ మెయిల్ వచ్చింది, ఉద్యోగం తీసేశారట. మధ్యాహ్నం నుంచి కంపెనీ లాప్‌టాప్ తెరుచుకోవడం లేదట. "అన్నయ్యా, ఇవాళ్టి నుంచి అరవై రోజులే కదా ఈ దేశంలో ఉండగలిగేది?" అని నిలబడే అడిగాడు. ఇంట్లో భార్య అప్పటికే హైదరాబాదు టికెట్ల ధరలు చూస్తోందట. కూర్చోబెట్టి మెయిలు మొత్తం చదివించాను. మూడో పేరాలో ఉంది: ఉద్యోగం ముగిసేది రెండు నెలల తర్వాత. అంతవరకు పనికి రానక్కరలేదు, జీతం మాత్రం ఎప్పటిలాగే పడుతుంది.

అమెరికాలో ఈ అరవైలు రెండున్నాయి. ఒకటి 1988 నాటి వార్న్ చట్టం ఇచ్చేది. కనీసం 100 మంది ఉన్న కంపెనీ ఒకే చోట 500 మందిని తీసేసినా, లేదా 50 మందికి తగ్గకుండా అక్కడి సిబ్బందిలో మూడో వంతును తీసేసినా, 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాల్లో అది 90 రోజులు. హెచ్-1బి వాళ్లకూ ఈ హక్కు ఉంది. అయితే మనవాళ్లు చేరే చిన్న కన్సల్టెన్సీలలో చాలావాటికి ఈ చట్టం వర్తించదు. అక్కడ ఉదయం చెప్పి సాయంత్రానికి పంపేయవచ్చు.

రెండోది వీసా గడువు, అంటే ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండగలిగే కాలం. ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే పత్రం) అంతకుముందే ముగిస్తే అంతవరకే. సాధారణంగా జీతం లెక్కకట్టిన చివరి రోజునే ఉద్యోగం ముగిసిన రోజుగా చూస్తారు. సెవరెన్స్ డబ్బు (తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం) ఎంత ఇచ్చినా ఈ గడువు ఒక్కరోజు కూడా పెరగదు.

అందుకే నోటీసు రోజుల జీతమంతా ఒకేసారి చేతికిచ్చి ఇవాళే తెంచుకుంటామంటే వెంటనే ఒప్పుకోకండి. డబ్బు అంతే వస్తుంది, పోయేది రెండు నెలల సమయం. "నా ఉద్యోగం ఏ తేదీతో ముగుస్తుంది? అంతవరకు జీతాల పట్టికలో ఉంటానా?" అని హెచ్‌ఆర్‌ను రాతలో అడగండి. ఆ జవాబు ఇమిగ్రేషన్ లాయరుకు చూపించాకే సంతకం పెట్టండి. కొత్త కంపెనీ మీ తరఫున హెచ్-1బి పిటిషన్ (దరఖాస్తు) ఆ 60 రోజుల వీసా గడువులోపు దాఖలు చేయాలి కాబట్టి వెతుకులాట మొదటి రోజే మొదలుపెట్టండి. మీ హెచ్-1బి అనుమతి కాలం పూర్తికాకముందే తీసేసినందువల్ల మీరు తిరిగి వెళ్లవలసి వస్తే, మీ ప్రయాణ ఖర్చు కంపెనీయే భరించాలి. కుటుంబానికి మాత్రం ఇవ్వరు.

జీతం పత్రాలు, ఐ-797 (హెచ్-1బి ఆమోద పత్రం) ప్రతులు కంపెనీ మెయిల్లోనే ఉంచేశారా? ఈ రాత్రే ఇంటి కంప్యూటర్‌లో దాచుకోండి. ఆ కుర్రాడు వాటికోసం పది రోజులు తిరిగాడు.